వదినకి సరిపడిన బిళ్ళలు మీకూ సరిపడతాయా?

మీరు రాసింది రెండుసార్లు చదివాను. మీకు 31 ఏళ్ళు, రెండేళ్ళ బాబు ఉన్నాడు, రెండో కాన్పుకి ఇంకో మూడేళ్ళు ఆగాలనుకుంటున్నారు. మీ వదిన ఆరేళ్ళుగా వాడుతున్న గర్భనిరోధక బిళ్ళలే మీరూ తెప్పించుకుని, పీరియడ్ వచ్చిన మొదటి రోజునుంచి ఒక్కటీ మానకుండా వేసుకుంటున్నారు. ఇప్పటికి 12 అయ్యాయి. ఈలోగా వీటివల్ల రక్తం గడ్డకడుతుందని చదివి భయపడ్డారు. ఒళ్ళు వస్తుందా, తర్వాత పిల్లలు పుట్టరా, ఆర్నెల్లకోసారి ఆపి ఒంటికి విశ్రాంతి ఇవ్వాలా అని అడిగారు. అన్నీ అడిగేశాక చివర్లో ఒక ముక్క రాశారు: "నెలకి ఒకటి రెండుసార్లు ఒకపక్క తలనొప్పి వస్తుంది. దానికి ముందు ఓ అరగంట కళ్ళముందు వంకరటింకరగా మెరుస్తుంది. చిన్నప్పటినుంచీ ఉన్నదే."

అమ్మా, మీరు అడిగినవాటన్నిటికీ జవాబు చెబుతాను. కానీ ముందు ఆ చివరి ముక్క సంగతి తేల్చాలి. ఈ రాత్రి బిళ్ళ వేసుకోకండి. ఒకటి రెండు రోజుల్లో గైనకాలజిస్టుని కలిసి ఈ తలనొప్పి గురించి నాకు రాసినట్టే చెప్పండి.

ఎందుకంటే, మీరు వర్ణించింది అచ్చం మైగ్రేన్ ఆరా లాగే ఉంది. మైగ్రేన్ ఉన్నవాళ్ళందరికీ ఆరా ఉండదు. తలనొప్పి వచ్చినప్పుడు వెలుతురు పడకపోవడం, కళ్ళు మసకబారడం ఆరా కాదు. ఆరా సాధారణంగా నొప్పికన్నా ముందే మొదలవుతుంది. చూపులో ఒకచోట చిన్న మెరుపు పుట్టి, కోట గోడ అంచులాగా పళ్ళుపళ్ళుగా, మెల్లగా పక్కకి పాకుతుంది. అయిదు నిమిషాలనుంచి గంట లోపు ఉంటుంది. ఆ తర్వాత నొప్పి అందుకుంటుంది. కొందరికి వేళ్ళ చివర తిమ్మిరి మొదలై చేయి మీదుగా మూతిదాకా ఎక్కుతుంది, ఇంకొందరికి నోట్లో మాట తడబడుతుంది. ఇలాంటి మైగ్రేన్ ఉన్నవారికి మెదడులో రక్తనాళం మూసుకుపోయి పక్షవాతం వచ్చే ముప్పు, మామూలు వారికన్నా కొంచెం ఎక్కువ. ఈ వయసులో ఆ ముప్పు నిజానికి చాలా చిన్నది. కానీ దానికి, చాలా గర్భనిరోధక బిళ్ళల్లో ఉండే ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ తోడైతే అది ఎన్నో రెట్లు పెరుగుతుంది. అందుకే ఆరా ఉన్న మైగ్రేన్ ఉంటే, ఏ వయసువారికైనా సరే, ఈస్ట్రోజెన్ ఉన్న బిళ్ళలు ఇవ్వకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు గట్టిగా చెబుతాయి.

మీరు 12 బిళ్ళలూ వరుసగా వేసుకున్నారు కాబట్టి ఇప్పటిదాకా కలిసినదానికి గర్భం వస్తుందన్న టెన్షన్ అక్కర్లేదు. ఇవాళ్టినుంచి మాత్రం వేరే పద్ధతి కుదిరేవరకూ కండోమ్ తప్పనిసరి. బిళ్ళ ఆపిన రెండు మూడు రోజుల్లో పీరియడ్ లాగా బ్లీడింగ్ అవుతుంది. హార్మోన్ ఆగినందుకు గర్భసంచి లోపలి పొర ఊడిపోవడమే అది. కంగారు పడకండి.

మీకు దారులు మూసుకుపోలేదు. ఈస్ట్రోజెన్ లేకుండా ప్రొజెస్టిన్ అనే ఇంకో హార్మోన్ ఒక్కటే ఉండే బిళ్ళలున్నాయి, మినీపిల్ అంటారు. మూడు నెలలకోసారి వేయించుకునే ఇంజెక్షన్, జబ్బ చర్మం కింద పెట్టే ఇంప్లాంట్ ఉన్నాయి. హార్మోనే అక్కర్లేదనుకుంటే కాపర్‌టీ ఉంది. మూడేళ్ళ ఎడం కావాలంటున్నారు కాబట్టి నేనైతే మీతో కాపర్‌టీ గురించో ఇంప్లాంట్ గురించో ముందు మాట్లాడతాను. రోజూ గుర్తుపెట్టుకునే పని ఉండదు, తీయించుకుంటే మళ్ళీ గర్భం రావడానికీ ఆలస్యం ఉండదు. ఇంజెక్షన్‌తో ఆ ఆలస్యం ఉంటుంది. చివరి డోసు తర్వాత గర్భం నిలవడానికి కొన్ని నెలలు, కొందరికి ఏడాది దాకా పట్టవచ్చు.

ఇక రక్తం గడ్డకట్టడం గురించి. మీరు చదివింది అబద్ధం కాదు, కానీ లెక్క తెలియకుండా చదివితే నిద్ర పట్టదు.

కాంబైన్డ్ బిళ్ళలో రెండు హార్మోన్లుంటాయి, ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్. రెండూ కలిసి మెదడునుంచి అండాశయానికి వెళ్ళే సంకేతాన్ని అణచిపెడతాయి, దాంతో అండం విడుదల కాదు. గర్భాశయ ముఖద్వారం దగ్గర ఉండే జిగురు కూడా చిక్కబడి వీర్యకణాలకి అడ్డుపడుతుంది. చిక్కంతా ఆ ఈస్ట్రోజెన్ కాలేయం గుండా వెళ్ళినప్పుడు వస్తుంది. రక్తాన్ని గడ్డకట్టించే పదార్థాలని కాలేయం కాస్త ఎక్కువగా తయారుచేస్తుంది, గడ్డకట్టకుండా ఆపేవాటిలో కొన్నిటిని తగ్గిస్తుంది. మొగ్గు కొంచెం గడ్డకట్టే వైపుకి జరుగుతుంది.

ఎంత కొంచెం? బిళ్ళలు వాడని, గర్భిణి కాని ఆడవాళ్ళు 10,000 మంది ఉంటే, ఏడాదిలో సుమారు ఇద్దరికి కాలి సిరల్లోనో ఊపిరితిత్తుల్లోనో రక్తపు గడ్డ ఏర్పడుతుంది. లెవొనార్‌జెస్ట్రెల్, నోరెథిస్టిరోన్ రకం ప్రొజెస్టిన్ ఉన్న కాంబైన్డ్ బిళ్ళలు వాడేవారిలో అది 5 నుంచి 7. డెసోజెస్ట్రెల్, జెస్టోడీన్, డ్రోస్పిరెనోన్ ఉన్నవాటిలో 9 నుంచి 12. గర్భంతో ఉన్నప్పుడూ, కాన్పయిన మొదటి కొన్ని వారాల్లోనూ ఈ ముప్పు అంతకన్నా ఎక్కువ. అంటే ఆరోగ్యంగా ఉన్న 10,000 మందిలో 9,980 మందికి పైగా ఏ గడ్డా లేకుండానే ఏడాది గడిపేస్తారు. అలాగని ఆ పది మందిని లెక్కలోంచి తీసేయకూడదు. వాళ్ళలో చాలామందిని ముందే గుర్తుపట్టవచ్చు, వదినల మాటమీద బిళ్ళలు తెప్పించుకోవడం అందుకే నన్ను బాధపెడుతుంది. బిళ్ళ ఒకటే. వేసుకునే ఒళ్ళు వేరు.

1960లో అమెరికాలో మొదటి గర్భనిరోధక బిళ్ళకి అనుమతి వచ్చినప్పుడు అందులో 150 మైక్రోగ్రాముల ఈస్ట్రోజెన్ ఉండేది. ఇప్పుడు ఎక్కువగా వాడేవాటిలో 20 నుంచి 35 మైక్రోగ్రాములు. రకం వేరు కాబట్టి అంకెల్ని సూటిగా పోల్చకూడదు గానీ, గడ్డల ముప్పు చూసే మోతాదు ఇలా దిగుతూ వచ్చింది. పాతకాలంనుంచి చెప్పుకునే భయాల్లో కొన్ని ఆ పెద్ద మోతాదుల నాటివి.

ఆర్నెల్లకోసారి ఆపాలా అని అడిగారు. ఎవరు చెప్పారో గానీ, వాళ్ళకి తెలియకుండానే చెడు సలహా ఇచ్చారు. గడ్డకట్టే ముప్పు మొదటి ఏడాదిలో, అందులోనూ మొదటి కొన్ని నెలల్లో ఎక్కువగా ఉంటుంది, తర్వాత తగ్గుతుంది. నాలుగు వారాలో అంతకన్నా ఎక్కువో ఆపి మళ్ళీ మొదలుపెడితే ఆ ఎక్కువ ముప్పు మళ్ళీ తిరిగి వస్తుంది. విశ్రాంతి అనుకున్నది ప్రతిసారీ మొదటి మెట్టునుంచి ఎక్కించడమే అవుతుంది. పైగా ఆ విశ్రాంతి నెలలోనే అనుకోని గర్భాలు వస్తాయి. బిళ్ళలు పడితే ఆపకుండా వాడాలి, పడకపోతే మొత్తానికే ఆపి వేరే పద్ధతికి మారాలి.

ఒకామె గురించి చెబుతాను, ఎవరో తెలిసేలా కాదు. 30 దాటిన మనిషి, బిళ్ళలు మొదలుపెట్టి మూడు నెలలయింది. రాత్రంతా బస్సులో ప్రయాణం చేసి వచ్చాక ఎడమ పిక్క పట్టేసింది. కండరం పట్టిందనుకుని ఇంట్లోవాళ్ళు నూనె రాసి గట్టిగా మర్దన చేశారు, వేడి కాపడం పెట్టారు. రెండు రోజులకి మెట్లెక్కుతుంటే ఆయాసం, గట్టిగా ఊపిరి పీలిస్తే పక్కలో పోటు. వెళ్ళిన చోట "మందులేమైనా వాడుతున్నారా" అని అడిగితే లేదంది. గ్యాస్ అని బిళ్ళ ఇచ్చి పంపారు. నా దగ్గరికి వచ్చేసరికి నేను చేసిన మొదటి పని టేపు తీసుకుని రెండు పిక్కలూ కొలవడం. మోకాలి కింద ఒకే ఎత్తులో కొలిస్తే ఎడమది మూడున్నర సెంటీమీటర్లు ఎక్కువ ఉంది. ముట్టుకుంటే వెచ్చగా ఉంది, నొక్కితే వేలి గుంట పడుతోంది. స్కానింగ్‌లో కాలి సిరలో గడ్డ, అందులోంచి ఒక ముక్క ఊపిరితిత్తిలోకి చేరింది. సమయానికి రక్తం పలచబరిచే మందులు మొదలుపెట్టాం, కోలుకుంది.

తర్వాత కూర్చోబెట్టి అడిగాను, బిళ్ళల సంగతి అక్కడ ఎందుకు చెప్పలేదని. "అవి మందులా మేడం? అవి రోజూ వేసుకునేవి కదా" అంది. ఆ మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. జబ్బుకి వేసుకునేది మందు. జబ్బు లేకుండా వేసుకునేది మందుల లెక్కలోకి రాదని చాలామంది అనుకుంటారు. అంతకుముందు ఆమె తల్లికీ కాన్పు తర్వాత కాలిలో గడ్డ వచ్చిందట, ఆ సంగతీ ఎవరూ అడగలేదు, ఆమే చెప్పలేదు. ఏ డాక్టరు దగ్గరికి ఏ పనిమీద వెళ్ళినా, ఆఖరికి పంటి డాక్టరైనా సరే, ఈ బిళ్ళలు వాడుతున్నానని చెప్పాలి. పెద్ద ఆపరేషన్ ఏదైనా ఉంటే సాధారణంగా నాలుగు వారాల ముందే ఆపిస్తారు, కాబట్టి ముందుగా తెలియాలి.

ఒక కాలు మాత్రమే వాచి నొప్పిగా ఉన్నా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా, ఛాతీలో పోటు వచ్చినా, దగ్గుతో రక్తం పడినా, ఎన్నడూ లేనంత తలనొప్పి వచ్చినా, చూపు పోయినా, ఒకపక్క చేయో కాలో పట్టు తప్పినా, మాట ముద్దగా వచ్చినా, కడుపు పైభాగంలో తట్టుకోలేని నొప్పి వచ్చినా తెల్లారనివ్వకండి. నేరుగా ఎమర్జెన్సీకి వెళ్ళండి. వాచిన పిక్కని మాత్రం మర్దన చేయకండి.

మైగ్రేన్ ఆరా కాకుండా ఇంకా ఎవరికి ఈ బిళ్ళలు వద్దో కూడా చెబుతాను, ఎందుకంటే మీ చుట్టుపక్కల అడిగేవాళ్ళుంటారు. ఇంతకుముందు ఎప్పుడైనా గడ్డ వచ్చినవారు, పుట్టుకతో రక్తం గడ్డకట్టే గుణం ఉన్నట్టు పరీక్షలో తేలినవారు, గుండెజబ్బో పక్షవాతమో వచ్చినవారు, రొమ్ము క్యాన్సర్ ఉన్నవారు, కాలేయం బాగా దెబ్బతిన్నవారు, లూపస్ (ఒంటి రక్షణ వ్యవస్థే ఒంటిమీద దాడిచేసే జబ్బు) ఉండి రక్తంలో గడ్డలు కట్టించే యాంటీఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీలున్నవారు వాడకూడదు. షుగర్ ఉండి కళ్ళకో కిడ్నీలకో నరాలకో ఇబ్బంది మొదలైనవారికీ ఇవి తగవు. 35 దాటి సిగరెట్ అలవాటు ఉంటే వద్దు. రోజుకి 15 దాటితే ఆ మాటే ఎత్తకూడదు. కాన్పయిన మొదటి ఆరు వారాలు పాలిచ్చే తల్లులు అసలు వాడకూడదు, ఆ తర్వాత కూడా బిడ్డకి ఆరు నెలలు నిండేదాకా వేరే పద్ధతే మంచిది. తల్లికో అక్కచెల్లెళ్ళకో చిన్నవయసులోనే గడ్డ వచ్చి ఉంటే డాక్టరుకి తప్పకుండా చెప్పాలి.

బీపీ గురించి విడిగా చెప్పాలి. ఈస్ట్రోజెన్ కొందరిలో బీపీని పెంచుతుంది, అదేమో చప్పుడు చేయదు. 140/90 దాటితే ఈ బిళ్ళలు మొదలుపెట్టకపోవడమే మేలు, 160/100 దాటితే వాడనే కూడదు. కాబట్టి మొదటి షీటు విప్పేముందు ఒకసారి, మూడు నెలలకి ఒకసారి, ఆ తర్వాత కనీసం ఏడాదికోసారి బీపీ చూపించుకోవాలి. ఖరీదైన రక్తపరీక్షలు అందరికీ అక్కర్లేదు. బీపీ చూడటం, మీ గురించీ మీ ఇంటివాళ్ళ జబ్బుల గురించీ ఓపిగ్గా అడగడం, ఈ రెంటితోనే చాలావరకు తేలిపోతుంది. పదినిమిషాల పని. మీకు బిళ్ళలు అమ్మినవాళ్ళు ఈ పదినిమిషాలు ఇవ్వలేదు.

ఒళ్ళు రావడం గురించి ఎన్నో పరిశోధనలు జరిగాయి, కాంబైన్డ్ బిళ్ళలవల్ల చెప్పుకోదగ్గ బరువు పెరుగుతుందని రుజువు దొరకలేదు. మొదట్లో నీరు పట్టి కాస్త బిగువుగా అనిపించవచ్చు. పిల్లలు పుట్టరన్నది పూర్తిగా తప్పు. ఆపిన కొద్ది వారాల్లోనే అండం విడుదల మళ్ళీ మొదలవుతుంది, ఏడాది తిరిగేసరికి గర్భం దాల్చేవారి సంఖ్య బిళ్ళలు వాడనివారితో సమానంగానే ఉంటుంది. వికారం, రొమ్ముల్లో సలపరం, మధ్యమధ్య కొద్దిగా రక్తం కనబడటం (స్పాటింగ్) మొదటి మూడు నెలలు ఉంటాయి, చాలామందికి వాటంతటవే సర్దుకుంటాయి. మనసు దిగులుగా ఉంటే మాత్రం మూడు నెలలు ఆగమని నేను చెప్పను. బిళ్ళ మొదలుపెట్టాక ఏడుపు, నిరాశ ఎక్కువైతే వెంటనే చెప్పండి.

క్యాన్సర్ లెక్క రెండువైపులా ఉంది. వాడుతున్నన్నాళ్ళూ రొమ్ము క్యాన్సర్ ముప్పు కొద్దిగా పెరుగుతుంది, ఆపాక ఏళ్ళు గడిచేకొద్దీ తగ్గిపోతుంది. అయిదేళ్ళు దాటి వాడితే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ముప్పు కొంత పెరుగుతుంది, అందుకని దాన్ని ముందే పట్టే స్క్రీనింగ్ పరీక్ష మానకూడదు. మరోపక్క అండాశయ క్యాన్సర్, గర్భసంచి లోపొర క్యాన్సర్ తగ్గుతాయి, ఆ రక్షణ ఆపిన తర్వాత కూడా ఏళ్ళతరబడి నిలుస్తుంది. నెలసరి నొప్పి, విపరీతమైన బ్లీడింగ్, దానివల్ల వచ్చే రక్తహీనత కూడా ఈ బిళ్ళలతో బాగా తగ్గుతాయి. సరిపడిన మనిషికి ఇది మంచి మందే. భయపెట్టి మాన్పించడం నా ఉద్దేశం కాదు.

మీ వదిన వాడుతూనే ఉంటారు కాబట్టి మర్చిపోయినప్పటి సంగతి కూడా రాస్తాను. ఒక్క పొరపాటూ లేకుండా వాడితే ఏడాదిలో 1,000 మందిలో ముగ్గురికే గర్భం వస్తుంది. మామూలుగా మనుషులు వాడే తీరులో మాత్రం అది 100కి ఏడుగురు. ఆ తేడా అంతా మర్చిపోవడంలోనే ఉంది. ఒక బిళ్ళ మర్చిపోతే గుర్తొచ్చిన వెంటనే వేసుకుని తర్వాతిది మామూలు వేళకే వేసుకోవాలి, ఒకేరోజు రెండు పడినా ఫర్వాలేదు. వరుసగా రెండో అంతకన్నా ఎక్కువో పోతే, వాటిలో ఆఖరిది ఒక్కటే వేసుకుని పాతవి వదిలేయాలి, మిగతా షీటు కొనసాగిస్తూ ఏడు రోజులు కండోమ్ వాడాలి. అది షీటు మొదటి వారంలో జరిగి, అప్పటికి అయిదు రోజుల లోపు కలిసి ఉంటే కలిసిన తర్వాత గర్భం రాకుండా వేసుకునే ఎమర్జెన్సీ బిళ్ళ అవసరం పడొచ్చు. మూడో వారంలో జరిగితే షీటు అయ్యాక ఇచ్చే ఏడు రోజుల విరామం ఈసారి తీసుకోకుండా నేరుగా కొత్త షీటు మొదలుపెట్టాలి.

షీటు మధ్యలో ఒకటి పోతే గాభరా పడేవాళ్ళే, కొత్త షీటు రెండు రోజులు ఆలస్యంగా మొదలుపెట్టి "ఏముందిలే" అనుకుంటారు. అసలు ప్రమాదం అక్కడే ఉంది. విరామపు ఏడు రోజుల్లో అండాశయం మేలుకోవడం మొదలుపెడుతుంది, ఎనిమిదో రోజు బిళ్ళ పడగానే మళ్ళీ నిద్రపోతుంది. ఆ ఏడు తొమ్మిదో పదో అయితే అండం పెరిగి బయటపడే వీలుంది. బ్లీడింగ్ ఇంకా ఆగలేదని కొత్త షీటు ఆపకండి.

బిళ్ళ వేసుకున్న రెండు మూడు గంటల్లో వాంతి అయితే అది ఒంటికి పట్టలేదనుకుని ఇంకోటి వేసుకోవాలి. మామూలు యాంటీబయాటిక్స్ ఈ బిళ్ళల పనిని చెడగొట్టవు. క్షయకి వాడే రిఫాంపిసిన్, ఫిట్స్‌కి వాడే ఫెనిటాయిన్, కార్బమాజెపిన్, ఫినోబార్బిటాల్ మాత్రం చెడగొడతాయి, అవి ఆపాక కూడా నాలుగు వారాలు ఆ ప్రభావం ఉంటుంది. ఫిట్స్‌కే ఇచ్చే లామోట్రిజిన్ వాడేవారికి ఉల్టా జరుగుతుంది. కాంబైన్డ్ బిళ్ళ ఆ మందు మోతాదుని రక్తంలో తగ్గించి ఫిట్స్ తిరిగి వచ్చేలా చేయొచ్చు. సుఖవ్యాధుల నుంచి కాపాడేది కండోమ్ ఒక్కటే, ఏ బిళ్ళా కాదు.

డాక్టరు దగ్గరికి వెళ్ళేముందు ఒక కాగితంమీద ఈ నాలుగూ రాసుకోండి: ఆ మెరుపు నొప్పికన్నా ముందు వస్తుందా, ఎన్ని నిమిషాలుంటుంది, చేయో మూతో తిమ్మిరెక్కుతుందా, ఈ 12 రోజుల్లో తలనొప్పి పెరిగిందా. మీరు తెప్పించుకున్న షీటు కూడా చేతిలో పట్టుకెళ్ళండి, దానిమీద ఉన్న పేర్లు చూస్తే ఏ హార్మోన్ ఎంత ఉందో వాళ్ళకి తెలుస్తుంది.

అలాగే మీ వదినకి ఇప్పుడెన్నేళ్ళో, ఈ ఆరేళ్ళలో ఆవిడ ఎప్పుడైనా బీపీ చూపించుకున్నారో అడగండి. చూపించుకోలేదంటే, మీరు వెళ్ళేరోజే ఆవిణ్ణి కూడా వెంటబెట్టుకెళ్ళండి.